రాయడానికి ఏముంది? – వీరాస్వామయ్య దినచర్య ఇచ్చే సమాధానం

డైరీ రాయడం మొదలుపెట్టినవారు చాలామంది ఉంటారు. కొనసాగించినవారు కొద్దిమందే. కొత్త సంవత్సరంలో చేతికందిన డైరీలో సంక్రాంతి దాకా పుటలు నిండుతాయి. ఆ తరువాత అది పాల లెక్కకో, చాకలి పద్దుకో పనికివస్తుంది. ఎందుకు మానేశారని అడిగితే, రాయాలని ఉంది గాని రాయడానికి ఏముంది అంటారు. ఈ మాట వెనుక ఒక నమ్మకం ఉంది. ముందు స్ఫూర్తి కలగాలి, ఆ తరువాతనే రాత సాగాలి అన్నది ఆ నమ్మకం. అది ఎంతవరకు నిజమో మన సాహిత్యంలోని ఒక దినచర్యను ఆధారంగా చేసుకొని పరిశీలించాలని మా ఉద్దేశం.

ఆ దినచర్య ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. వీరాస్వామయ్య చెన్నపట్నం వాసి, అక్కడి సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు ఉద్యోగం చేసినవారు. 1830 మే 18న పరివారంతో, పల్లకీలతో, బోయీలతో చెన్నపట్నం నుంచి బయలుదేరి తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ, గయ చూసుకొని, కలకత్తా, పూరీ జగన్నాథం, ఉత్తర సర్కారుల దారిన 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. ఈ పదిహేను నెలల పైచిలుకు కాలంలో దారి విశేషాలను ఎప్పటికప్పుడు రాసి, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు పంపుతూ వచ్చారు. ఆ రాతలే గ్రంథమయ్యాయి.

ఈ గ్రంథాన్ని యాత్రాచరిత్రగా, సాంఘిక చరిత్రకు ఆధారంగా చదివినవారు అనేకులు. దీన్ని ఒక అలవాటు చరిత్రగా చదివినవారు తక్కువ. అలా చదివితే మొదట మనకు కనబడేది, రచయిత స్ఫూర్తి కోసం ఎదురుచూడలేదన్నది. ప్రతి మజిలీలోనూ ఆయన దాదాపు ఒకే రకమైన ప్రశ్నలు వేసుకొంటారు. నిన్నటి మజిలీకి ఇది ఎంత దూరం? దారి ఎటువంటిది? ఊళ్లో మంచినీళ్లు ఉన్నాయా? అంగళ్లు ఉన్నాయా, ఏ సరుకులు దొరుకుతాయి? దిగడానికి చోటు ఉన్నదా? ఈ ప్రశ్నలకు జవాబు లేని ఊరు ఉండదు. కనుక ఏమీ జరగని రోజుకు కూడా రాయడానికి కొంత ఉంటుంది. అంగళ్లు లేవు, నీళ్లు మంచివి కావు అన్నా అది రాతే.

ఇది యాంత్రికమైన పని కాదా అని ఎవరైనా అడగవచ్చు. కొన్నిచోట్ల యాంత్రికంగానే ఉన్నది, ఒప్పుకోవలసిందే. అయితే ఈ పద్ధతి వల్ల ఒక గొప్ప మేలు జరిగింది. రోజూ అవే ప్రశ్నలు వేసుకొనేవాడికి తేడా వెంటనే కంటబడుతుంది. మజిలీ మారినకొద్దీ తిండి, ఇళ్ల కట్టడం, ఆచారం, అధికారుల తీరు ఎలా మారుతున్నాయో వీరాస్వామయ్య గుర్తుపట్టగలిగింది నిన్నటి జవాబు కాగితం మీద ఉండబట్టే. ఆ తేడా కనబడినచోట ఆయన కలం ఆగదు. లెక్కలు పక్కకు పోయి లోకరీతిని గురించి, ధర్మాన్ని గురించి దీర్ఘమైన చర్చ సాగుతుంది. అంటే స్ఫూర్తి లేదని కాదు. అలవాటు ఉన్న చోటికే అది వచ్చింది.

రెండవ అంశం, రాత అందుకొనే మనిషి. ఈ కాగితాల కోసం చెన్నపట్నంలో ఒకరు ఎదురుచూస్తున్నారన్న ఎరుక రచయితకు ఎప్పుడూ ఉంది. రేపు ఎవరైనా ఈ దారిన పోవలసివస్తే వారికి ఏం తెలిసి ఉండాలి అన్న ఆలోచన కూడా ఉంది. తన కోసమే రాసుకొనే డైరీలో రచయిత త్వరగా విసుగెత్తిపోవడానికి కారణం, తనకు తెలిసినదే తనకు చెప్పుకోవడం. ఎదుట ఒకరున్నారనుకొంటే, తెలిసిన విషయమే చెప్పదగిన విషయమవుతుంది. వీరాస్వామయ్య 1836లో కాలం చేశారు. 1838లో ఈ గ్రంథాన్ని అచ్చువేయించినవారు శ్రీనివాస పిళ్లెయే. రాయించిన మిత్రుడే రాతను నిలబెట్టాడు.

మూడవది భాష. కోర్టు కొలువులో నలిగిన భాష, చెన్నపట్నం ఇళ్లల్లోని భాష, శాస్త్రచర్చలో వాడే సంస్కృత పదాలు, దొరతనానికి సంబంధించిన ఉర్దూ, ఇంగ్లీషు మాటలు ఈ గ్రంథంలో పక్కపక్కనే ఉంటాయి. గ్రాంథికం నడుమ వ్యావహారికం దొర్లిపోతూ ఉంటుంది. వ్యాకరణం చేతపట్టుకొని చదివేవారికి తప్పులు చాలానే దొరుకుతాయి. కాని ప్రతి వాక్యాన్నీ దిద్దుకొంటూ కూర్చొని ఉంటే ఈ రాత రెండో మజిలీలోనే ఆగిపోయేదని మా అభిప్రాయం.

గ్రంథంలో లోపాలు లేవని కాదు. పదిహేను నెలలు వెంట నడిచిన పరివారం మనకు మనుషులుగా పరిచయం కారు. పల్లకీ మోసిన బోయీల భుజాల నొప్పి ఈ పుటల్లో వినబడేది తక్కువ. ఊళ్లను చూసిన కన్ను ఒక వర్ణానికి, ఒక ఉద్యోగానికి చెందిన కన్ను. కుంపిణీ పాలనను మెచ్చుకొన్న చోట్లు నేటి పాఠకునికి రుచించవు. వేసుకొన్న ప్రశ్నలే రాతను నడిపించాయి. వేసుకోని ప్రశ్నలు దానికి హద్దులయ్యాయి.

ఇదే సూత్రం మరొక దినచర్యకు కూడా వర్తిస్తుందేమో చూద్దాం. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి వద్ద ప్రధాన దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లె 1736 నుంచి 1761లో మరణించేవరకు తమిళంలో దినచర్య రాశారు. తెలుగువారికి ఆయన కొత్తవాడు కాడు. కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ ఆయన పేరు మీద వెలసినదే. ఆ దినచర్య ఇంగ్లీషు అనువాదం 1904 – 1928 మధ్య పన్నెండు సంపుటాలుగా వెలువడింది. పాతికేళ్లు ఒక మనిషి చేత అంత రాయించినదేమిటి? మూలంలో వర్తకుని పద్దు అలవాటు ఉంది. ఏ ఓడ వచ్చింది, ఏ సరుకు దిగింది, గవర్నరు ఏమన్నాడు, తాను ఏమని బదులు చెప్పాడు అన్న పద్దులోనుంచే ఒక కాలపు రాజకీయం, ఒక మనిషి అసూయలూ భయాలూ బయటపడ్డాయి. ఇక్కడ కూడా అలవాటే ముందు.

గురజాడ అప్పారావు డైరీలు వేరొక రకం. అవి క్లుప్తమైనవి, చదువు, ఆరోగ్యం, సంస్థానం పనులు, రచనల ఆలోచనలు కలగలిసినవి. ఒక రచయిత పనిగది తలుపు తెరిచి చూసినట్టుంటాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఉన్నది. వాడుక భాష కోసం అంతగా పోరాడిన మనిషి తనతో తాను మాట్లాడుకొనేటప్పుడు ఇంగ్లీషును ఆశ్రయించారు. దీన్ని ఆక్షేపణగా చెప్పడం లేదు. ఆనాటి చదువుకొన్నవారి పరిస్థితి అది. కాని సొంత రాతకు ఏ భాష ముందుగా చేతికి వస్తుందన్నది చిన్న ప్రశ్న కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఆ ప్రశ్న ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల తరతరాలుగా స్థిరపడిన మనకు మరింత దగ్గరిది. 2006లో తమిళనాడు చేసిన చట్టంతో అక్కడి బడుల్లో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయింది. తాము ఉన్న రాష్ట్రపు భాష పిల్లలు నేర్వడం మంచిదే, అవసరమే. అయితే ఆ ఏర్పాటులో తెలుగుకు చోటు ఇరుకయింది. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, నాందేడులోనైనా ఇంట్లో తెలుగు మాట్లాడి బయట మరొక భాషలో రాసేవారు కనబడతారు. తెలుగులో రాయమంటే, మా తెలుగు సరైన తెలుగు కాదండీ అని వెనక్కి తగ్గేవారున్నారు. పుస్తకాలలోని తెలుగు తమది కాదు. తమ తెలుగు పుస్తకాలలో లేదు.

ఈ సంకోచానికి వీరాస్వామయ్య గ్రంథం చక్కని జవాబు. చెన్నపట్నంలో బతికి, నాలుగు భాషల మధ్య మసలి, నోటికి వచ్చిన తెలుగులో రాసినవారు ఆయన. అది అచ్చయింది, నిలిచింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు శ్రమపడి మళ్లీ ప్రచురించదగిన గ్రంథమయింది. దినచర్యకు పరీక్షాధికారి లేడు. తమిళపు మాట, కన్నడపు మాట, ఒరియా మాట దొర్లితే మార్కులు తగ్గవు. పైగా ఆ కలగలుపే మన ఊళ్ల తెలుగు. నిఘంటువులకు ఎక్కని వంట పేర్లు, పొలం మాటలు, చుట్టరికపు పిలుపులు పెద్దవాళ్లతోపాటే పోతున్నాయి. వాటిని రాసిపెట్టుకోవడానికి ఇంటి నోటుపుస్తకాన్ని మించిన చోటు లేదు.

కనుక రాయడానికి ఏముంది అనేవారికి మేము చెప్పగలిగినది ఇది. స్ఫూర్తిని వెదకనక్కరలేదు. రోజూ వేసుకోగల ప్రశ్నలు రెండో మూడో నిర్ణయించుకోవాలి. ఇవాళ ఇంట్లో ఏం వండారు, దాన్ని మనవాళ్లు ఏమంటారు? సంతలో ఏది ఏ ధర పలికింది? ఎవరి నోట ఏ కొత్త మాట, ఏ పాత మాట వినబడింది? జవాబు ఒక్క వాక్యమైనా సరే. అది చదివేవారు ఒకరుండాలి: దూరాన ఉన్న అక్కయ్యో, స్నేహితుడో, ఇంకా అక్షరాలు దిద్దుతున్న మనవరాలో. వీరాస్వామయ్యకు ఉన్న సదుపాయం ఇంతకన్నా ఎక్కువ కాదు. ఆయన వేసుకోని ప్రశ్నలను కూడా మనం వేసుకొంటే, పల్లకీలోనివారి మాటతోపాటు మోసినవారి మాట కూడా ఈసారి తెలుగు దినచర్యలోకి వస్తుంది.