మంత్రదండం ఎవరి చేతిలో ఉండాలి?

వింత దుస్తులు తొడుక్కొని ఆకాశంలో ఎగిరే అమెరికన్ వీరుల చలనచిత్రాలు నేను ఇంతవరకు చూడలేదు. చూడకుండానే వాటిపై తీర్పు చెప్పినవారిలో నేనూ ఒకణ్ణి. పెట్టుబడి లోకం మీదికి వదిలిన మత్తుమందు అని తరగతిలో అన్నాను కూడా. "చూసి చెప్పండి మాస్టారూ!" అన్నారు విద్యార్థులు. న్యాయమైన మాటే. వారు ఎంచి ఇచ్చిన ‘షజామ్’ (2019, దర్శకుడు డేవిడ్ ఎఫ్. శాండ్‌బర్గ్) చూశాను.

కథ ఫిలడెల్ఫియా నగరంలో జరుగుతుంది. పద్నాలుగేళ్ల బిల్లీ బాట్సన్ చిన్ననాడు కార్నివాల్ సందడిలో తల్లికి దూరమైనవాడు. ఆమెను వెదుకుతూ, పెంపకానికి ఇచ్చిన ఇంటినల్లా వదిలి పారిపోతుంటాడు. చివరకు వాస్క్వెజ్ దంపతుల ఇంట మరి అయిదుగురు పిల్లల మధ్య చేరతాడు. ఆ దంపతులూ అలాంటి ఇళ్లలో పెరిగినవారే. ఒకనాడు ఒక ముసలి మాంత్రికుడు అతనికి తన శక్తిని ధారపోస్తాడు. ‘షజామ్’ అనగానే కుర్రవాడు కండలు తిరిగిన పెద్దమనిషి అవుతాడు. లోపలి మనసు మాత్రం పద్నాలుగేళ్లదే. హాస్యమంతా ఇక్కడే పుడుతుంది. లోకాన్ని ఉద్ధరించడానికి బదులు బీరు కొని, ఒక గుక్క తాగి ఉమ్మేస్తాడు. వీధిలో మెరుపులు చూపించి డబ్బులు పోగు చేస్తాడు. తన మెరుపు వల్లనే వంతెన మీద నుంచి వేలాడిన బస్సును తానే కాపాడి మురిసిపోతాడు. నేను పగలబడి నవ్వాను, దాచుకోవడమెందుకు?

అయితే ఈ నవ్వు వెనక ఒక గట్టి ప్రశ్న ఉంది. మాంత్రికుడు నిర్మల హృదయుడి కోసం వెదుకుతూ, 1974లో థాడియస్ సివానా అనే బాలుణ్ణి పిలిచి పరీక్షించి, అర్హుడవు కావని తిప్పి పంపాడు. ఇంట్లో తండ్రీ అన్నా చిన్నచూపు చూసే పిల్లవాడతడు. ఆ ఒక్క మాటను జీవితమంతా మోసి, దుర్మార్గుడై తిరిగి వచ్చాడు. బిల్లీని మాత్రం అర్హత తూచి ఎన్నుకోలేదు. వ్యవధి లేక, దొరికినవాడికి ఇచ్చేశాడు. అర్హత అనే మాటపై ఇంతకన్న పదునైన వ్యంగ్యం ఏముంటుంది? నాలుగేళ్ల కింద నేనొక విద్యార్థితో సాహిత్యం నీ పని కాదన్నాను. మరుసటి ఏడు అతడు కళాశాలకు రాలేదు. కారణం నా మాటో, ఇంటి ఇబ్బందులో తెలియదు. సివానాను చూస్తున్నంతసేపూ ఆ కుర్రవాడే కళ్లముందు నిలిచాడు.

ఈ వీరుడి అసలు చరిత్ర తెరమీద లేదు. 1940లో బిల్ పార్కర్, సి.సి. బెక్ అనేవారు ఫాసెట్ సంస్థ బొమ్మల పత్రికలో సృష్టించినప్పుడు అతని పేరు కెప్టెన్ మార్వెల్. సూపర్‌మాన్‌కు నకలని పోటీ సంస్థ వ్యాజ్యం వేసింది. 1953లో ఫాసెట్ రాజీపడి ప్రచురణ ఆపింది. 1972లో అదే పోటీ సంస్థ అతన్ని అద్దెకు తెచ్చుకున్నది. పేరు మాత్రం 1967లోనే మార్వెల్ సంస్థ చేతిలో పడింది. చిత్రంలో ఫ్రెడ్డీ తన స్నేహితుడికి పేరు వెదకడం నవ్వు పుట్టిస్తుంది. కాని నిజం చేదైనది: బస్సును ఎత్తగల వీరుడు తన పేరు తాను చెప్పుకోలేడు, అది ఇంకొకరి ఆస్తి!

ముగింపులో బిల్లీ శక్తిని తానొక్కడే ఉంచుకోడు. మంత్రదండాన్ని అయిదుగురి చేతా పట్టించి పంచిపెడతాడు. ఊతకర్రతో నడిచే ఫ్రెడ్డీ ఆకాశంలో ఎగురుతాడు. వీరుడు ఒక్కడే ఉండాలన్న సూత్రాన్ని ఈ చిన్న హాస్యచిత్రం కాలదన్నింది. అభ్యుదయవాది దీనిని హర్షించక తప్పదు.

లోపమూ ఇక్కడే ఉంది. పదిహేడేళ్ల తల్లి దిక్కుతోచక, బిడ్డ పోలీసుల దగ్గర ఉన్నాడని చూసి వెళ్లిపోయింది. ఆమెను ఒంటరిని చేసిన సమాజాన్ని చిత్రం నిలదీయదు. దయగల ఇల్లొకటి ఉంటే చాలునంటుంది. చాలదు. పంపకం ఆ ఇంటి గడప దాటలేదు. సివానా వంటి తిరస్కృతులకు అందులో భాగం లేదు.

మత్తుమందు అన్న నా మాటను వెనక్కి తీసుకుంటున్నాను. మాంత్రికుడి తప్పును గుర్తించిన చిత్రం, ఆ తప్పును దిద్దవలసిన పనిని మనకే వదిలింది. నా మట్టుకు నేను ఆ విద్యార్థి చిరునామా వెదకడంతో మొదలుపెట్టాలి.