మాధ్యమిక తరగతుల లెక్కలలో కనబడని తెలుగు విద్యార్థి

గంజాము మండలమందలి తెలుగు పాఠశాలలను గూర్చి ముచ్చటించువారు సాధారణముగా రెండు సంఖ్యలను మాత్రమే పేర్కొందురు. ప్రాథమిక పాఠశాలలలో ఎందరు చేరిరనునది ఒకటి. పదవ తరగతి పరీక్షలో ఎందరు ఉత్తీర్ణులైరనునది రెండవది. నడుమనున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ప్రసక్తి అరుదు. తెలుగు బాలుడు తెలుగు చదువును విడుచుచోటు అదియే గావున, ఈ ఉపేక్ష సామాన్యమైనది కాదు.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడినపుడు బరంపురము, ఛత్రపురము, గోపాలపురము మున్నగునవి మద్రాసు రాజధానినుండి విడివడి అందు చేరినవి. ఇచ్చటి తెలుగువారు ఊరు కదలకయే అల్పసంఖ్యాకులైరి. 1949లో విద్యామంత్రుల సమావేశము ఒక కొలతను నిర్ణయించినది: తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తమున 40 మంది గాని ఉన్నయెడల ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన జరుపవలెను. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము గూడ ప్రాథమిక దశనే పేర్కొన్నది. ఐదవ తరగతితో ఆ రక్షణ ముగియును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి వరకు మాతృభాషా బోధనను అంగీకరించినను, ‘సాధ్యమైనంతవరకు’ అను మాటను తోడుగా చేర్చినది. ఆ ఒక్క మాట చాటున ఎంతటి ఉపేక్షయైనను ఇముడగలదు.

ఇక ఫలితముల సంగతి. ఆ చట్టము అమలునకు వచ్చిన 2010 నుండి 2019 సవరణ వరకు ఎనిమిదవ తరగతిలోపు విద్యార్థిని నిలిపివేయుట నిషిద్ధము. అందరును పై తరగతికి పోవు కాలములో ఉత్తీర్ణతా శాతము దేనిని తెలుపును? అంతకన్న లోతైన దోషము మరియొకటి కలదు. ఒక పేటలో తెలుగు ఐదవ తరగతియందు 40 మంది ఉన్నారనుకొందము. వారిలో 12 మంది మాత్రమే తెలుగు ఆరవ తరగతిలో చేరి, అందరును పై తరగతికి పోయిరి. నివేదికలో నూటికి నూరు వ్రాయబడును. తక్కిన 28 మంది ఏమైరి? కొందరు ఒడియా పాఠశాలలో, కొందరు ఆంగ్ల పాఠశాలలో చేరియుందురు. కొందరు ఎచ్చటను చేరకుందురు. చేరినవారు అచ్చటి మొత్తములో కలిసిపోవుదురు. తెలుగు ఇంటి బిడ్డ ఒడియా తరగతిలో ఎట్లు చదువుచున్నాడో ఆ నివేదిక చెప్పదు. కొన్నియేండ్లకు ఆ పండ్రెండుగురు ఏడుగురైనపుడు మాత్రము, తెలుగు చదువు కోరువారు లేరని అదే సంఖ్య సాక్ష్యము పలుకును. బోధించువాడు లేక బాలురు తగ్గుట, బాలురు తగ్గిరని బోధకుని వేయకుండుట—ఈ రెంటిలో ఏది ముందో ఆ పట్టికనుబట్టి తేల్చుట అసాధ్యము.

పాఠశాలల గణాంక పత్రములలో ‘అల్పసంఖ్యాకులు’ అను శీర్షిక ఉన్నమాట నిజమే. కాని అది మతమును గూర్చినది. భాషను గూర్చినది కాదు. కులమును, లింగమును, వయస్సును బట్టి విద్యార్థులను విభజించి చూపుదురు. బోధనభాషను గూడ తెలుపుదురు. ఇంటిభాషను ఫలితముతో జతపరచి చూపు పట్టిక మాత్రము ప్రజల చేతికి వచ్చుట లేదు.

జతపరచినచో ఏమి తెలియును? ఈ మండలపు తెలుగువారు ఒక్క తీరువారు కారు. బరంపురమున పట్టు నేయు కుటుంబములు వేరు. వర్తకులు, ఉద్యోగులు వేరు. గోపాలపురము మొదలు తీరము వెంబడి నున్న, ఒడియావారు నొలియాలని పిలుచు జాలరులు వేరు. కలిగినవారు తమ పిల్లలను ముందే ఆంగ్ల పాఠశాలకు పంపుదురు. తెలుగు తరగతిలో మిగులువారు ఎక్కువగా రెక్కాడితేగాని డొక్కాడని ఇండ్లవారు. పదునొకండు, పండ్రెండేండ్లు వచ్చునప్పటికి మగపిల్లవానికి పడవయో మగ్గమో, ఆడపిల్లకు ఇంటిపనియో ఎదురుచూచుచుండును. ఇట్టి తరగతి ఫలితమును పట్టణపు ఆంగ్ల పాఠశాల ఫలితముతో పోల్చి, తెలుగు మాధ్యమము పనికిరాదనుట అన్యాయము. అది కొలుచునది కలిమిని; భాషను కాదు.

అట్లని ఒడియా పాఠశాలను ఎన్నుకొను తలిదండ్రులను నిందించుటయు తగదు. ఒడిషా రాష్ట్రోద్యోగములు అనేకమునకు మాధ్యమిక పాఠశాల స్థాయి ఒడియా జ్ఞానము నిబంధనగా నున్నది. బ్రతుకుతెరువు ఆ తరగతులకే ముడిపడియుండగా, తెలుగు అభిమానమును గూర్చిన ఉపన్యాసములు వారి చెవి కెక్కునా? తెలుగు పాఠశాల ఏడవ తరగతిలోపు ఒడియాను చక్కగా నేర్పగలిగిననాడు ఈ భయములో చాలభాగము తొలగును. ఒడియాను పరాయి విషయముగా చూచి, అరకొరగా చెప్పి సరిపుచ్చు పాఠశాల తన బాలురను తానే వెళ్ళగొట్టుకొనుచున్నది.

ఈ ప్రాంతమునకు ఇది కొత్త పాఠము కాదు. 1992లో గజపతి మండలముగా వేరుపడువరకు గంజాములోనిదే యైన పర్లాకిమిడిలో, గిడుగు రామమూర్తి పంతులు 1880లో ఫస్టు ఫారమునకు, అనగా నేటి ఆరవ తరగతికి, చరిత్ర బోధించుచు ఉద్యోగము ప్రారంభించెను. ఆయన సవర భాష నేర్చి, ఆ భాషలో వాచకములు వ్రాసి, సవర బాలురకు వారి మాటలోనే చదువు చెప్పించెను. తెలుగు ఇచ్చట బలముగల భాషయై యున్న దినములలో, బలము లేని భాషవారికి ఒక తెలుగు ఉపాధ్యాయుడు చేసిన పని అది. నేడు తెలుగువారు ఒడిషా ప్రభుత్వమును కోరుచున్నది అంతకు మించినది కాదు.

కోరుటకు ముందు చేయదగిన పని ఒకటి సంఘములచేతిలోనే ఉన్నది. పదవ తరగతిలో అధికాంకములు తెచ్చుకొన్నవారికి ఏటేటా శాలువలు, బహుమతులు ఇచ్చుచున్నారు; మంచిదే. ఆరవ తరగతి మెట్టుకడ జారిపోయినవారి పేర్లు ఏ సంఘపు పుస్తకములోనైనను ఉన్నవా? పేటపేటకు ఒక్కరు పూనుకొని, ఐదవ తరగతి ముగించిన ప్రతి తెలుగు బాలబాలికయు ఇంట మాటలాడు భాష ఏది, చేరిన ఆరవ తరగతి ఎచ్చటిది, అచ్చటి బోధనభాష ఏది, ఎనిమిదవ తరగతి ముగియునప్పటికి తెలుగు, ఒడియా రెండును తప్పులేక చదువగలరా అని విచారించి వ్రాసికొనవచ్చును. దీనికి ప్రభుత్వము అనుమతి అక్కరలేదు. బరంపురపు పేటలవరకైనచో ఒక్క వేసవి సెలవులు చాలును. తీరపు గ్రామములకు మరికొంత కాలము పట్టును.