రాత డిస్కు దాకా చేరిందా?

పెన్‌డ్రైవ్‌లోకి సినిమా కాపీ చేస్తుంటే లైనక్స్ కంప్యూటర్లో పట్టీ చకచకా నిండిపోతుంది. తీరా ఎజెక్ట్ నొక్కితే ఎంతసేపటికీ వదలదు. ఎందుకంటే మనం కాపీ అయిందనుకున్న సినిమాలో చాలా భాగం అప్పటికింకా ర్యామ్‌లోనే ఉంటుంది.

ప్రోగ్రాం రాయమన్న డేటాను లైనక్స్‌కు గుండెకాయ అయిన కెర్నెల్ ర్యామ్‌లోని పేజ్ క్యాష్‌లో పెట్టుకుని, ఆ పేజీల (మెమరీ ముక్కల) మీద ‘డర్టీ’ అని గుర్తు వేసి, పనైందని జవాబిచ్చేస్తుంది. డిస్కు సంగతి తర్వాత. మామూలు సెట్టింగుల్లో 5 సెకన్లకోసారి ఒక థ్రెడ్ లేచి, 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను డిస్కుకు పంపుతుంది. వాడుకోదగ్గ మెమరీలో అవి 10 శాతం దాటితే అంతసేపు ఆగదు. 20 శాతానికి చేరువవుతుంటే రాస్తున్న ప్రోగ్రాంకే కళ్లెం వేస్తుంది.

ఈ వాయిదాలో తెలివి ఉంది. వెంటవెంటనే పదిసార్లు దిద్దిన పేజీ డిస్కుకు ఒక్కసారే వెళ్లొచ్చు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ అయితే డిస్కులో చోటు కేటాయింపును కూడా ఆలస్యం చేసి, డేటా వీలైనంతవరకు పక్కపక్కనే పడేలా చూస్తుంది. అయితే 2009లో కొందరికి దీనివల్లే దెబ్బ తగిలింది. కంప్యూటర్ హఠాత్తుగా ఆగి మళ్లీ లేచేసరికి, అప్పుడే తిరగరాసిన సెట్టింగుల ఫైళ్లు సున్నా బైట్లతో మిగిలాయి. కెర్నెల్ 2.6.30లో దానికి జాగ్రత్తలు చేర్చారు.

వాయిదాతో వచ్చే వేగం కంటే నాకు ఎక్కువ ఇష్టమైనది ఇంకో రకం వేగం: పనినే తగ్గించడం. 4 కేబీ పేజీల లెక్కన 1 జీబీ ఫైలంటే 2,62,144 పేజీలు. ఒక్కో పేజీకీ చోటు వెతకాలి, తాళం వెయ్యాలి, గుర్తు పెట్టాలి, లెక్క రాయాలి. కెర్నెల్ డెవలపర్ మాథ్యూ విల్‌కాక్స్ తెచ్చిన ఫోలియోలు 2022 జనవరిలో, 5.16 వెర్షన్‌తో కెర్నెల్లోకి వచ్చాయి. వరుస పేజీల గుంపును ఒకే ఫోలియోగా చూస్తే, గుంపంతటికీ ఒకే తాళం, ఒకే వెతుకులాట. ధాన్యాన్ని దోసిళ్లతో కాక బస్తాలతో మోసినట్టు. ఎక్స్‌ఎఫ్ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ రాతలకు పెద్ద ఫోలియోలు ఆ తర్వాత అందాయి. ఇందులో డేటా భద్రత ఒక్క పిసరు కూడా తగ్గలేదు, అనవసరపు చాకిరీ మాత్రమే పోయింది. అందుకే ఈ మార్పంటే నాకంత గౌరవం.

వేగం పెంచామని ఎవరైనా అంకెలు చూపిస్తే నేను మొదట అడిగేది ఒకటే: ఎఫ్‌సింక్‌తో కలిపి కొలిచారా? డేటా డిస్కుకు చేరేదాకా ఆగమని కెర్నెల్‌ను అడిగే పిలుపు అది. దాని జవాబు కూడా జాగ్రత్తగా చదవాలి. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ బృందాన్ని కలవరపెట్టింది ఇదే. డిస్కు మీద రాత విఫలమైతే కెర్నెల్ ఆ సంగతి ఒకసారి చెప్పి, పేజీ మీది డర్టీ గుర్తు తీసేస్తుంది. రెండోసారి ఎఫ్‌సింక్ చేస్తే అంతా బాగుందని జవాబు రావచ్చు, డేటా మాత్రం ఉండదు. అప్పటినుంచి పోస్ట్‌గ్రెస్, ఎఫ్‌సింక్ విఫలమైతే తనను తాను ఆపేసుకుని, మార్పులను ముందే రాసుకున్న లాగ్ నుంచి కోలుకుంటోంది. నా దృష్టిలో అది సరైన నిర్ణయం.

మీరు ప్రోగ్రాములు రాసేవారైతే ఒక్క మాట. ముఖ్యమైన ఫైలును ఉన్నచోటే తిరగరాయకండి. కొత్త పేరుతో రాసి, ఎఫ్‌సింక్ చేసి, అది సఫలమైందని తేలాకే పాత పేరుకు మార్చండి. తర్వాత ఆ డైరెక్టరీకి కూడా ఎఫ్‌సింక్ చేయండి.