మాట పుట్టుక చెప్పే నిఘంటువు

ఇంగ్లీషు నిఘంటువు కొనబోయే విద్యార్థి సాధారణంగా రెండే చూస్తాడు: మాటలెన్ని, వెల ఎంత. మాట ఎక్కడ పుట్టింది, ఎవరి నోట ఎలా మారింది అన్నది పండితుల గొడవ అనుకుంటాడు. ఈ అభిప్రాయం సరైనది కాదు. మాట చరిత్రలో సమాజ చరిత్ర ఉంది.

'విలన్' అనే మాటనే తీసుకుందాము. సామాన్య నిఘంటువు 'దుర్మార్గుడు' అని చెప్పి ఊరుకుంటుంది. మంచి నిఘంటువు మనల్ని లాటిన్ 'విల్లా' దాకా తీసుకుపోతుంది. విల్లా అంటే పల్లెపట్టున భూస్వామి లోగిలి. దాన్ని అంటిపెట్టుకొని సేద్యం చేసేవాడు 'విల్లానుస్'. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన ఆ సేద్యగాడు మొదట మోటవాడయ్యాడు, పిమ్మట నీచుడయ్యాడు. అతని నడవడి మారి ఈ అర్థం రాలేదు. మాటకు విలువ కట్టింది అతని యజమానులు.

అయితే వ్యుత్పత్తి ఇచ్చిన ప్రతి నిఘంటువూ నమ్మదగినది కాదు. సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల చుట్టరికాన్ని విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో ప్రకటించాడు. అయినా 1828లో వెబ్‌స్టర్ తన నిఘంటువులో బేబెల్ గాథను నమ్మి, మాటల మూలాలను కాల్డీ భాషలో వెతికాడు. ఆయన పోయాక, 1864 ముద్రణకు జర్మన్ పండితుడు మాన్ ఆ వ్యుత్పత్తులను సరిదిద్దవలసి వచ్చింది. గొప్ప పేరు ప్రమాణం కాజాలదు.

కనుక కొనేముందు 'విలన్'తోపాటు మరి రెండు మాటలు తీసి చూడాలి. 'బాండికూట్' కింద మన 'పందికొక్కు' ఉందా, లేక 'భారతీయ పదం' అని దాటవేశారా? 'పోష్' అనే మాట ఇండియా ఓడల టిక్కెట్ల మీది అక్షరాలనుంచి పుట్టిందన్న కట్టుకథను ఎక్కించారా, మూలం తెలియదని ఒప్పుకున్నారా? తెలియదనగలిగిన నిఘంటువు తెలుసునన్నప్పుడు నమ్మవచ్చు.

1884లో తొలి భాగం వెలువడి 1928లో పూర్తయిన ఆక్స్‌ఫర్డు మహానిఘంటువు ప్రతి అర్థానికీ తేదీలతో ప్రయోగాలు చూపుతుంది. 1989 నాటి రెండవ ముద్రణ 20 సంపుటాలు. అది గ్రంథాలయం కొనవలసినది, కొనమని అడగడం విద్యార్థుల హక్కు. సొంతానికి రెండు సంపుటాల షార్టర్ ఆక్స్‌ఫర్డు చాలు. ధాతువుల కుటుంబాలు కావలసినవారికి 1969లో మొదట వెలువడిన అమెరికన్ హెరిటేజ్ నిఘంటువు, దాని అనుబంధం ఉపకరిస్తాయి.

ఒక్క హెచ్చరిక. మహానిఘంటువు ప్రయోగాలలో అధికభాగం అచ్చుపుస్తకాలనుంచి తీసినవే. భూస్వామి సేద్యగాణ్ణి ఏమన్నాడో అక్కడ దొరుకుతుంది. సేద్యగాడు భూస్వామిని ఏమన్నాడో మనం వేరేచోట వెతకాలి.