మానవహక్కుల చట్టములో నొక తృతీయావిభక్తి

చట్టములను గ్రంథములుగా జదువువారు మనలో మిక్కిలి తక్కువ. న్యాయవాదులు తమ కక్షిదారు కొఱకు చదువుదురు. తక్కినవారు చదువనే చదువరు. కావ్యమునకు వ్యాఖ్యానము వ్రాయునపుడు ప్రతిపదమునకును అన్వయము విచారించు శ్రద్ధలో నాల్గవవంతు చట్టములయెడ జూపినచో, ఎవరి మొఱ ఏ గుమ్మముకడ నాగిపోవుచున్నదో మనకు దెలియును. 1993వ సంవత్సరపు మానవహక్కుల పరిరక్షణచట్టము అట్లు చదువవలసిన గ్రంథము. వివక్షను విచారించుటకు జిల్లాకొక మానవహక్కుల కమిషను కావలెనని కోరువారు మొదట దీనినే చదువవలెను.

ఈ చట్టమున పండ్రెండవ సెక్షను జాతీయ కమిషనుయొక్క పనులను జెప్పును. ఇరువదితొమ్మిదవ సెక్షనువలన అది రాష్ట్ర కమిషనులకును వర్తించును. అందు విచారణకు దగిన ఫిర్యాదులు రెండు. మానవహక్కుల నుల్లంఘించుట, లేక అందుకు తోడ్పడుట యొకటి. అట్టి యుల్లంఘనమును వారించుటలో నుపేక్ష రెండవది. ఈ రెండును జెప్పి, ఒక కామా పెట్టి, 'ప్రభుత్వసేవకునిచేత' అని వాక్యమును ముగించినారు. ఈ తృతీయాంతపదము దేని కన్వయించును? ఉపేక్ష కొక్కదానికేనా, ఉల్లంఘనమునకు గూడనా? సమీపమున నున్న పదముతోనే యన్వయమనుకొన్నచో, ఉపేక్షించినవాడు మాత్రమే యుద్యోగి కావలెను. ఉల్లంఘించినవాడు కాఫీహోటలు యజమానియో, ఇల్లు అద్దెకిచ్చువాడో, కూలి యిచ్చు ఆసామియో యెవడైనను కావచ్చును. అట్లుగాక, గడపమీది దీపము లోపలికిని వెలుపలికిని వెలుగిచ్చినట్లు, దేహళీదీపన్యాయముచే రెండింటికిని అన్వయించినచో, ఉద్యోగి కానివాడు చేసిన యవమానము ఈ చట్టపు గడప దాటి లోనికి రాదు. జాతీయ కమిషను 1994లో చేసికొనిన కార్యవిధాన నిబంధనలలో, ప్రభుత్వసేవకునిపై గాని ఫిర్యాదును త్రోసివేయదగిన వానిలో జేర్చి, రెండవ యన్వయమునే నిలిపినది. మన పండితులు ఆ దీపమును వెలుగు కొఱకు చెప్పిరి. ఇచ్చట నది రెండుగదులను జీకటి చేసినది.

ఈ యన్వయమునకు గారణము లేకపోలేదు. లాకప్పులో మరణించినవాని కొఱకు, జైలులో మగ్గువాని కొఱకు, రాజ్యము చేతికి జిక్కిన దుర్బలుని కొఱకు ఇట్టి కమిషనులు పుట్టినవి. ఆ యవసరము నేటికిని దీరలేదు. కాని మనదేశమున వివక్ష కచేరీలో బుట్టినది గాదు. అది నూతికడ బుట్టినది, హోటలులో వేఱుగా బెట్టిన గ్లాసులో బెరిగినది.

చుండూరు సంగతి చూడుడు. 1991 జులై నెల మొదటివారమున ఒక సినిమాహాలులో, ఒక దళితయువకుని కాలు ముందుసీటువానికి దగిలినదన్న తగవు. దానిపై సాంఘికబహిష్కారము; కూలిపనులు మాన్పించిరి. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులు చంపబడిరి. ఊరిలో పోలీసు లుండియు నిది జరిగినది. తరువాత ప్రత్యేకన్యాయస్థానము ఆ యూరికే వచ్చి కూర్చున్నది; 2007 జులై 31న ఇరువదియొక్కరికి యావజ్జీవశిక్ష విధించినది. 2014లో హైకోర్టు అందఱను విడిచిపెట్టినది. ఈ తీర్పులనుగూర్చి వ్రాసినవారు పెక్కుండ్రు. నా చూపు ఆ జులై నెలమీదనే నిలుచుచున్నది. కాలు తగిలిన దినమునుండి కత్తి యెత్తిన దినమువఱకు నించుమించుగా నొక నెల. ఆ నెలలో 'మాకు పని లేదు, అంగడిలో సరకు లేదు' అన్న మాటను విని, ఊరికి వచ్చి, ఇరుపక్షములను గూర్చుండబెట్టవలసిన కర్తవ్యము ఎవరిది? 1993 చట్టము అప్పటికే యుండినను, అది మొదట నడుగు ప్రశ్న, 'ముందుసీటులోనివాడు ప్రభుత్వోద్యోగియా?' అని. పోలీసుల యుపేక్షపై వినవచ్చునుగదా యందురేమో. వినవచ్చును. కాని ఉపేక్ష సాధారణముగా హాని జరిగినపిదప గాని రుజువు కాదు.

ఇందుకు వేఱు చట్టములున్నవని మఱికొందఱందురు. ఉన్నవి. 1955 నాటి అస్పృశ్యతానేరముల చట్టము 1976లో పౌరహక్కుల పరిరక్షణచట్టమైనది. 1989లో అత్యాచారముల నిరోధకచట్టము వచ్చినది. రెండును గొప్పవి, రెండును ఉద్యోగి కానివానిని గూడ శిక్షించును. కాని వానికి ద్వారము పోలీసుస్టేషను. ఏ ఆసామి పొలములో రేపు కలుపు దీయవలెనో ఆ యాసామిపై నేడు నేరము మోపుమని కూలిదానితో జెప్పుట సులభము కాదు. ఆమె కోరునది వాని జైలు కాదు, తన గ్లాసు మాఱుట. శిక్షాస్మృతికిని మౌనమునకును నడుమ ఒక మెట్టు లేదు. నెలకొకసారి ముప్పదవ తేదీన పౌరహక్కుల దినము జరుపుదురు (ఫిబ్రవరి మాట యటుండనిండు). తహసీల్దారును పోలీసువారును వచ్చి ఉపన్యసింతురు; హాజరుపట్టీలో సంతకములు పడును. ముందువరుసలో గూర్చున్నవాని యెదుట వెనుకవరుసలోనివాడు లేచి వానిపేరు చెప్పునా?

ముప్పదవ సెక్షను జిల్లాకొక సెషన్సుకోర్టును మానవహక్కుల న్యాయస్థానముగా బేర్కొనవచ్చునన్నది. 'వచ్చును' అన్నదే గాని 'వలెను' అనలేదు. పేర్కొన్నచోట్లను, ఆ న్యాయస్థానము విచారింపవలసిన నేరము లివియని చట్టము చెప్పలేదు. రాష్ట్ర కమిషను చేతనున్నది సిఫారసు మాత్రమే. ఏడాది దాటిన సంగతిని అది విచారింపరాదు. ఆంధ్రప్రదేశ్ కమిషను కార్యాలయమును 2021లో కర్నూలున దెఱచిరి. ఇచ్ఛాపురపు కూలివాడు అచ్చటికి బోవలెనన్న రాష్ట్రము ఈ కొసనుండి ఆ కొసకు ప్రయాణము. తెలంగాణ కమిషను అధ్యక్షస్థానము 2022 డిసెంబరు మొదలు 2025 వఱకు శూన్యముగా నుండెను.

ఇది పల్లెలకథయే యని పట్టణపు పాఠకులు పుస్తకము మూయవలదు. 'ఇల్లు అద్దెకు' అను బోర్డు చూచి గుమ్మమెక్కినవానిని, అద్దె యెంతో చెప్పకమునుపే 'మీరెవరు?' అని యడుగుట మనవీథులలో వింత గాదు. వచ్చినవాడు ముస్లిమైనచో పైజెప్పిన రెండు ప్రత్యేకచట్టములును వానికి దోడు రావు. రాజ్యాంగపు పదునైదవ యధికరణము అంగళ్లను, హోటళ్లను, నూతులను బేర్కొన్నదిగాని అద్దెయిండ్లను బేర్కొనలేదు. 2023 ఫిబ్రవరి 21న అమెరికాలో సియాటిల్ నగరసభ, ఆఱు వోట్లకు ఒకటిగా, కులవివక్షను నిషేధించినది. కొలువులో గాని, ఇంటి యద్దెలో గాని, బహిరంగస్థలములలో గాని కులమునుబట్టి తక్కువచేసినచో, నగరముయొక్క పౌరహక్కుల కార్యాలయమునకు ఫిర్యాదు చేయవచ్చును. చేసినవాడు ప్రైవేటు కంపెనీ యైనను అది విచారించును. ఆ నగరప్రాంతమున మన తెలుగువారు పెక్కుండ్రు. గుంటూరు కులమువలన సియాటిల్‌లో నష్టపడినవానికి గల యా కచేరి గుంటూరులో నష్టపడినవానికి లేదు.

కావున జిల్లా కమిషను కావలెను. కాని ఆ పాతవాక్యముతోనే కాదు. 'ప్రభుత్వసేవకునిచేత' అన్నచోట 'ఎవ్వరిచేతనైనను' అని యుండవలెను. రాష్ట్రశాసనసభలకు ఇట్టి పని క్రొత్త గాదు; షెడ్యూల్డు కులములకును తెగలకును కమిషను నేర్పఱచుటకు 2003లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ తన చట్టము తాను చేసికొన్నది.

నా భయ మంతయు మఱియొకచోట నున్నది. స్థానికము అన్నమాటలో తీపియు గలదు, విషమును గలదు. ఊరిపెద్దలే సభ్యులైనచో అది మానవహక్కుల కమిషను గాదు, పాతపంచాయతీకి గ్రొత్తబోర్డు. 'పోనిమ్ము, కలిసి బ్రతుకవలసినవారము' అను మాట ఎల్లప్పుడును క్రిందివానితోనే చెప్పబడును. అందుచే సభ్యులు వేఱుజిల్లావారై యుండవలెను. వారిలో నీ యవమానము ననుభవించిన కులములవారును స్త్రీలును తప్పక యుండవలెను. రాజీ ఫిర్యాది తానై కోరిననే గాని ప్రస్తావింపరాదు. విచారణము జిల్లాకేంద్రమున గాక ఆ యూరిలోనే, కూలిపనులు ముగిసిన వేళ జరుగవలెను. రచ్చబండకడ వలదు, అచ్చట నెవరు నిలువవలెనో ఎవరు కూర్చుండవలెనో తరతరములుగా నిర్ణయమైయున్నది. బడిలో బెట్టవచ్చును. సాయంకాలము ఏడుగంటలకు మా తరగతిగదులు ఖాళీగానే యుండును.