కరెంటుకు తిరుగుదారి

పొగమంచు దిగిన వేళ అనంతగిరి ఘాట్‌లో ఎదురొచ్చే కొన్ని పాత జీపుల్ని గమనించండి. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కూడా దాంతోపాటే మినుకుతుంది. బల్బు మార్చినా, ఫ్లాషర్ మార్చినా ఆ జబ్బు పోదు.

బండిలో లైటుకు వెళ్లే వైరు కనిపిస్తుంది. కరెంటు బ్యాటరీకి తిరిగి వచ్చేది మాత్రం బాడీ రేకు మీదుగా. ఎర్త్ వైరు బిగించిన చోట తుప్పు పట్టిందా, కరెంటు పక్క బల్బులోంచి దూరి దారి వెతుక్కుంటుంది. అరకు, పాడేరు వైపు నెలల తరబడి వాన, చెమ్మ, ఎర్రమట్టి. సంతరోజున కిక్కిరిసిన జీపు గతుకుల్లో ఊగితే బోల్టులూ వదులవుతాయి. పాత బండికి కొత్త రంగు కొట్టించి, ఎర్త్ పాయింటు మీదా పూయించేవాళ్లకైతే దండం పెట్టాలి!

ఇంజను రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి దానికి వేరే ఎర్త్ పట్టీ ఉంటుంది. అది తెగితే సెల్ఫ్ (స్టార్టర్ మోటారు) తీసుకునే వందకు పైగా ఆంపియర్లు క్లచ్ కేబులు మీదుగా పోవచ్చు. కేబులు కాలుతుంది, మెకానిక్ కేబులు మారుస్తాడు, నెలకు మళ్లీ కాలుతుంది.

మల్టీమీటరు ‘కుయ్’మంటే ఎర్త్ బాగున్నట్టేనని చాలామంది అనుకుంటారు. నేను నమ్మను. పట్టీలో ఒక్క పోగు మిగిలినా అది కూస్తుంది. లోడు పడినప్పుడే లోపం బయటపడుతుంది: 150 ఆంపియర్లకు 0.01 ఓం అడ్డొచ్చినా 1.5 వోల్టులు పోయినట్టే. అందుకే మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, రెండోది ఇంజను లోహానికి ఆనించి, గేరు న్యూట్రల్‌లో ఉంచి సెల్ఫ్ కొట్టించాలి. 0.2 వోల్టు లోపు వస్తే మంచిది. అర వోల్టు దాటితే రెండో కొనను క్లాంపుకు, బాడీకి, ఇంజనుకు వరుసగా జరపండి. అంకె ఎక్కడ ఎగిరితే లోపం అక్కడే.

మీటరు లేదా? జంపర్ కేబులుతో నెగటివ్‌ను నేరుగా ఇంజనుకు కలపండి. సెల్ఫ్ చురుగ్గా తిరిగితే దొంగ దొరికినట్టే. తర్వాత పని చిన్నది: బ్యాటరీ నెగటివ్ విప్పి, ఎర్త్ పాయింటు దగ్గర లోహం మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన గ్రీజు రాయడం. తెగిన పట్టీ అయితే మార్చాల్సిందే.

వానలు మొదలయ్యేలోపు ఈ పని చేయించుకోండి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని కొత్త బ్యాటరీ కొనమని మెకానిక్ చెబితే, డబ్బు తీసే ముందు ఎర్త్ చూశాడో లేదో అడగండి.