గీత చూడని కళ్లు, గీత తెలిసిన కాళ్లు

2013 జూన్ 18 రాత్రి, మయామి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ ఆరో మ్యాచ్. శాన్ ఆంటోనియో స్పర్స్ సిరీస్‌లో 3-2తో ముందుంది, ఈ మ్యాచ్ గెలిస్తే ఛాంపియన్. ట్రోఫీ వేడుక కోసం సిబ్బంది కోర్టు చుట్టూ పసుపు తాళ్లు కూడా సిద్ధం చేసేశారు. స్కోరు 95-92, స్పర్స్‌దే ఆధిక్యం. మయామి హీట్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ వేసిన త్రీ పాయింటర్ రింగుకు తగిలి బయటపడింది. సహచరుడు క్రిస్ బాష్ ఎగిరి రీబౌండ్ అందుకున్నాడు, వెంటనే కుడివైపు మూలకు పాస్ ఇచ్చాడు. అప్పటికే వెనకడుగులు వేసుకుంటూ అక్కడికి చేరుతున్న మరో హీట్ ఆటగాడు రే ఆలెన్ బంతి పట్టాడు, లేచాడు, వేశాడు. ఇంకా 5.2 సెకన్లుండగా స్కోరు సమమైంది. ఓవర్‌టైమ్‌లో హీట్ 103-100తో బయటపడింది, ఏడో మ్యాచ్ కూడా గెలిచి టైటిల్ నిలబెట్టుకుంది.

ఆ షాట్‌ను గుండెధైర్యమన్నవాళ్లున్నారు, అదృష్టమన్నవాళ్లూ ఉన్నారు. ఆ వీడియో ఎప్పుడు చూసినా నా చూపు మాత్రం ఆలెన్ పాదాల మీదే నిలుస్తుంది. కోర్టు మూలలో త్రీ పాయింట్ గీతకూ సైడ్‌లైన్‌కూ మధ్య ఉన్న జాగా 3 అడుగులే. బూటు మొన ముందు గీతను తాకితే వచ్చేవి రెండు పాయింట్లే, అవి చాలవు. మడమ వెనక గీత మీద పడితే బంతే అవతలి జట్టుది. ముప్పై ఏడేళ్ల ఆలెన్ కిందికి ఒక్కసారైనా చూడలేదు. కళ్లు బంతి మీదే ఉన్నాయి. తర్వాత రిఫరీలు వీడియో వేసి చూసుకున్నారు. పాదాలు ఉండాల్సిన చోటే ఉన్నాయి.

ఆ పాదాలకు ఆ లెక్క మిల్వాకీలో అబ్బింది. 1996లో బక్స్ జట్టులో చేరిన ఆలెన్, అక్కడున్న రోజుల్లోనే తనకోసం ఒక సాధన కల్పించుకున్నాడు. బుట్ట ముందు నేల మీద పడుకుంటాడు. ఒక్క ఉదుటున లేచి, వెనక్కి అడుగులేస్తూ మూలకు పోతాడు. కోచ్ బంతి విసురుతాడు. గీత తొక్కకుండా పట్టి షాట్ వేయాలి. మళ్లీ వచ్చి పడుకోవాలి. మామూలు ప్రాక్టీసులో షూటర్ కుదురుగా నిలబడి వేస్తాడు. మ్యాచ్‌లో అంత తీరిక ఎవరిస్తారు? తోపులాటలో పడిపోతాడు, రీబౌండ్ ఎటో ఎగిరిపడుతుంది, అందరూ గందరగోళంలో ఉండగా బంతి వచ్చి చేతిలో పడుతుంది. ఆ గందరగోళాన్నే ఆలెన్ ముందుగా సాధన చేశాడు. ఫైనల్స్‌లో ఆ అవసరం వచ్చేనాటికి అతను మిల్వాకీ వదిలి పదేళ్లయింది.

షాట్ చేత్తో వేసేదే అయినా బలం కింది నుంచి వస్తుంది. బంతి అందేసరికే మోకాళ్లు వంగి ఉండాలి, పట్టడం, లేవడం ఒకే ఊపులో సాగాలి. మోచెయ్యి రింగుకు సూటిగా ఉండాలి. చివర్లో మణికట్టు వంచి వేళ్ల కొసలతో వదిలితే బంతి వెనక్కి తిరుగుతూ పోతుంది, రింగు అంచుకు తగిలినా నెమ్మదించి లోపలికి జారే వీలుంటుంది. రింగు వెడల్పు 18 అంగుళాలు, బంతి దాంట్లో సగానికి కాస్త ఎక్కువ. పైనుంచి దిగే బంతికి ఆ జాగా ధారాళం, అడ్డంగా దూసుకొచ్చే బంతికి అదే రింగు ఇరుకు.

ఆలెన్ మ్యాచ్ రోజు మొత్తం ఒకే క్రమంలో నడిచేది. మధ్యాహ్నం కునుకు, తర్వాత చికెన్, అన్నం, జనం రాకముందే ఖాళీ స్టేడియంలో షాట్లు. అతనిది దేవుడిచ్చిన చెయ్యి అని ఎవరైనా అంటే అతనికి నచ్చేది కాదు. రోజూ పడుతున్న కష్టాన్ని ఆ మాట తుడిచేస్తుందని అతని బాధ. ఆ బాధలో న్యాయముంది. పుట్టుకతో వచ్చిందనగానే చూసేవాళ్లం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాం, మనం పడాల్సిన పాటు ఇక లేదన్నట్టు.

ఇంత చేసినా కెరీర్ మొత్తం మీద అతని త్రీ పాయింటర్లలో పడ్డవి నూటికి నలభై. అంటే చరిత్రలోనే గొప్ప షూటర్లలో ఒకడు సగానికి పైగా గురి తప్పాడు. ఈ వృత్తిలో మనసుకు అన్నిటికన్నా కష్టమైన పని ఇదే అనుకుంటాను. తప్పిపోయిన షాట్‌ను మోసుకుంటూ తిరిగేవాడు తర్వాతిది వేయడానికి జంకుతాడు. వేసే తీరు సరిగ్గా ఉందని నమ్మకమున్నవాడు వరసగా ఐదు పోయినా ఆరోదాన్ని అదే తీరున వేస్తాడు. ఆ నమ్మకం ఉత్త మాటలతో రాదు, వేల షాట్ల వెనక ఉంటుంది.

ఆలెన్ 2,973 త్రీల రికార్డును 2021 డిసెంబర్‌లో స్టీఫెన్ కరీ దాటాడు. హైస్కూల్లో కరీ బక్కపలచటి కుర్రాడు. బలం చాలక నడుము దగ్గర్నుంచి బంతి విసిరేవాడు, అది పొడుగువాళ్ల చేతులకు సులువుగా చిక్కుతుంది. తండ్రి డెల్ కరీ కూడా ఎన్‌బీఏలో ఆడిన షూటరే. ఒక వేసవంతా కొడుకు షాట్‌ను విప్పి మళ్లీ కట్టాడు, బంతి తలపై నుంచి వదలాలని. పాత పద్ధతి పోయింది, కొత్తది ఇంకా రాలేదు. కొన్ని వారాలపాటు బుట్ట దగ్గర్నుంచి తప్ప షాటే పడలేదు. ఆ పిల్లవాడు ఏడ్చాడు, ఆట మీదే విసుగొచ్చింది, కానీ పాత పద్ధతికి మళ్లలేదు. హైస్కూలు ముగిసినా పెద్ద బాస్కెట్‌బాల్ కాలేజీలు అతన్ని పట్టించుకోలేదు. డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీ పిలిస్తే, ఆ కొత్త షాట్‌తో అక్కడికి వెళ్లాడు.